యారాడ ఇసుకలో మా జీపు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్కింటివాళ్లు కొత్త జీపు తెచ్చి నిలబెట్టారు. తలుపు తీస్తే ఏసీ చలి, కొత్త సీట్ల వాసన. నా చిన్నప్పటి మా జీపులో మాత్రం ఎండకు కాగిన కాన్వాసు, పెట్రోలు, అమ్మ మూటగట్టిన పులిహోర, అన్నీ కలిసిన వాసన ఉండేది.

యుద్ధం కోసం పుట్టిన ఆ బండి డెబ్బైల్లో మిలటరీ వేలంలోంచి మా ఇంటికి వచ్చింది. పోర్టు ఉద్యోగానికి కోనసీమ నుంచి వచ్చిన నాన్న దాన్ని వన్‌టౌన్‌లో మెకానిక్ దావూద్ సాయిబుగారి షెడ్డుకు చేర్చారు. సాయిబుగారు పాత ఆకుపచ్చ రంగు గీకించి, వెనక రెండు బెంచీలు బిగించి, ఆ సైనికుణ్ణి సంసారిని చేశారు. ఇక పూర్ణా మార్కెట్ సరుకులు, వేసవిలో మామిడిపళ్ల బుట్టలు, పేరంటాలకు వెళ్లే ఆడవాళ్లు, మోకాళ్లు తగులుతూ కూర్చున్న మేము, అందరం అందులోనే.

ఎనభైల మొదట్లో ఒక కార్తీక పున్నమికి, వెన్నెల్లో భోజనాలని, మధ్యాహ్నం మూడింటికి యారాడ బీచిలో దిగాం. పొడి ఇసుక చక్రాన్ని మింగుతుంది, తడి ఇసుక మోస్తుంది: గోదావరి లంకల్లో పెరిగిన నాన్న లెక్క అది. అందుకే జీపును కిందికి, తడి ఇసుకదాకా తోలి ఆపారు. అక్కడ చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ అనే ఆవిడ బండిని ఒడ్డు పైకి తియ్యమంది. నీళ్లు అంత దూరాన ఉన్నాయి కదా అని నాన్న నవ్వారు. రెండేళ్ల తమ్ముడు బుజ్జిగాడు వెనక బెంచీమీద నిద్రపోయాడు. వాడి పక్కనే కూర్చోమని తొమ్మిదేళ్ల నాకు చెప్పి అమ్మ సరుగుడు చెట్ల కిందికి వంటకు వెళ్లింది.

అంతలో ఒడ్డున వల లాగడం మొదలైంది. తాడు పట్టిన పాతికమంది పాట, దగ్గరపడుతున్న వలలో వెండిలా ఎగిరే చేపలు. నేను దిగి పరుగెత్తాను.

పొద్దు వాలేవేళకు వెనక్కి తిరిగేసరికి జీపు నీళ్లలో ఉంది, ఒక పక్కకు ఒరిగి. అమ్మా నాన్నా చెట్ల కిందినుంచి వచ్చేశారు. బుజ్జిగాడేడని నాన్న అడిగారు. అమ్మ నావైపు చూసింది. నేను జీపువైపు వేలు చూపాను.

నాన్న పరుగెత్తారు గానీ అలకు పడిపోయారు. నూకాలమ్మ నడుంలోతు నీటిలో వెళ్లి, కాన్వాసు చింపి, వాణ్ణి భుజాన వేసుకొచ్చింది. వల లాగుతున్నవాళ్లు దొరికిన చేపల్ని సముద్రానికే వదిలేసి, ఆ తాడు తెచ్చి జీపుకు కట్టారు.

"ఏటి బాబూ, ఇది మీ గోదారనుకున్నావా? పున్నం రోజు సంద్రం ఆగుతాదా?" అంది ఆవిడ, వాడి తల తుడుస్తూ.

బండి ఒడ్డుకు చేరింది గానీ, ఉప్పు తాగేసింది, ఇక బతకదని సాయిబుగారు తేల్చేశారు. ఏడాదికల్లా తుప్పు దాని అడుగు తినేసింది. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. యారాడలో అలా వల లాగే గుంపూ కనబడదు. నాన్న కూడా లేరు.

మొన్న తమ్ముడికి చెప్పాను, ఆ రోజు నిన్ను వదిలి వెళ్లింది నేనేనని.

"నాన్న ఆ రోజు గురించి ఎన్నిసార్లు చెప్పినా, బండిని తడి ఇసుకలో ఆపిన సంగతే చెప్పేవారక్కా. తన తప్పే అనేవారు. నీ పేరెప్పుడూ ఎత్తలేదు."