కుచ్చుకాళ్ల సాలీడు

నా చిన్నప్పుడు నేనొక సాలీడును అగ్గిపెట్టెలో పెంచాను. కొవ్వూరు దగ్గర మా అరటితోటలో దొరికింది. గోరంత ఉండేది. ఎర్రటి ఒళ్లు, దాని మీద మెరిసే నీలం చారలు. గూడు అల్లదు, ఆకు మీంచి ఆకు మీదికి గెంతుతుంది. తొలకరికి పిల్లలందరూ ఆరుద్ర పురుగుల్ని పడితే నేను సాలీడును పట్టానని మహా గొప్పగా ఉండేది. మూడేళ్ల మా తమ్ముడి చేతి మీద దాన్ని ఆడించేదాన్ని.

ఆ వారంలోనే వాడి ఒంటి మీద పొక్కులు లేచాయి, జ్వరం ముంచుకొచ్చింది. మా వైపు పొక్కులు లేస్తే సాలీడు పాకిందంటారు. నాయనమ్మ నా అగ్గిపెట్టె వైపు చూసింది. ఆవిడ మాటకు మా ఇంట్లో ఎదురులేదు. నాన్న గోదావరి దాటి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్తానంటే, మూడు రోజులు మంత్రం పడేదాకా గడప దాటించొద్దంది. నాలుగో రోజు లాంచీ ఎక్కించారు. అవతలి రేవు చేరకముందే వాడు పోయాడు.

ఆ తర్వాత తోటలో కనబడిన ప్రతి సాలీడునూ చెప్పుతో కొట్టి చంపాను. పక్కింటి సైన్సు మాస్టారు ఒకరోజు అది చూశారు. తిట్టలేదు. రెండు సాలీళ్లను రెండు సీసాల్లో పెట్టి, నా చేతికి భూతద్దమిచ్చి, తమ్ముడి మీద పాకిన రకం ఏదో చూపించమన్నారు. రెండూ ఎరుపే, రెండూ నీలమే. ఠక్కున ఒకటి చూపించాను.

"సరిగ్గా చూడమ్మా. తొందరేం లేదు."

చాలాసేపటికి తేడా తెలిసింది. నేను చూపించినదాని ముందుకాళ్లకు కుచ్చుల్లా నల్లటి వెంట్రుకలున్నాయి. రెండోదానివి, నేను పెంచినదానిలాగే, నున్నటి కాళ్లు. ఏ పాపం ఎరగనిదాన్ని చూపించేశాను. మాస్టారు చొక్కా చెయ్యి మడిచి రెండింటినీ తన చేతి మీద వదిలి, వారం తర్వాత రమ్మన్నారు. వెళ్లాను. ఆ చెయ్యి ఎప్పటిలాగే ఉంది.

"వీటివల్ల పొక్కులు రావమ్మా. వాణ్ణి ముందే ఆసుపత్రికి తీసుకెళ్లుంటే..." అని ఆగిపోయారు.

తప్పు నాది కాదని చెప్పడానికి ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ మా తమ్ముడి చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ సాలీణ్ణి ఇంటికి తేకుండా ఉండాల్సిందే తల్లీ."

కాదంటే తప్పు ఆవిడదవుతుంది. అవునన్నాను. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ మాట అంటూనే ఉంది, నేను అవునంటూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు అప్పటి నాయనమ్మ కంటే ఎక్కువ వయసు. ఆకు మీద సాలీడు కనబడితే ఇప్పటికీ ముందుకాళ్లే చూస్తాను. మనుషుల మీద నింద వేసేముందు కూడా చాలాసేపు చూస్తాను. నాది కాని తప్పుకు నేనన్న ఆ అవును మాత్రం ఈనాటికీ బరువుగానే ఉంది.