పూజలో పెట్టిన రేకులు

బస్సుకు నిమ్మకాయలు కట్టే డ్రైవరును చూసి నేను నవ్వేవాణ్ణి. ఇంజను మూత విప్పి లోపల చూడగలిగినవాడికి దేవుడితో పనేమిటని నా పొగరు. అప్పుడు నేను నంద్యాలలో ఒక భూస్వామి బస్సుకు మెకానిక్కును. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య తిరిగే ఆ ఒక్క బస్సునూ ఆయన తన ఎద్దుల కంటే ఎక్కువగా చూసుకునేవాడు.

ఆ మూత కింద రాకర్లనే చిన్న ఇనుప చేతులుంటాయి. అవి వంగి వాల్వులను నొక్కుతాయి. రెంటి నడుమ వెంట్రుకంత సందుండాలి. ఎక్కువైతే టకటకమంటుంది, తక్కువైతే వాల్వు కాలిపోతుంది. ఆ సందులో దూర్చి కొలవడానికి నా దగ్గర పలుచని ఉక్కు రేకులుండేవి. వాటిని నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

ఆ ఏడు ఆయుధ పూజకు యజమాని తల్లి పనిముట్లన్నీ పీట మీద పెట్టించి, బొట్లు పెట్టే పని నాకు అప్పజెప్పింది. పెద్దామె చూస్తుంటే నాకు ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. రేకు రేకుకూ గంధం, కుంకుమ మెత్తాను. పూజలో పెట్టినవి తుడిస్తే అరిష్టమని ఆమె అంటే, సరేనని తుడవలేదు.

పండుగ వెళ్లాక ఇంజను సందులు సరిచేశాను. బస్సు ఊరు దాటకముందే టకటక మొదలైంది. మళ్లీ విప్పాను, మళ్లీ కొలిచాను, మళ్లీ బిగించాను. అదే చప్పుడు. నూనె మంచిది కాదన్నాను. రాకర్లు అరిగాయన్నాను. చివరికి రోడ్డును కూడా తిట్టాను. ఆళ్లగడ్డలో జనం ఆ చప్పుడు విని, జట్కా వస్తోందని లేచి నిలబడుతున్నారట. ఆ మాట యజమాని చెవిన పడింది.

"సుక్కురారానికి ఆ సద్దు నిలిచిపోవల్ల. లేకుంటే నీ దావ నువ్వు సూసుకో" అని చెప్పి, ఆయన మొక్కుకోవడానికి యాగంటికి పోయాడు. నా సంపాదన మీద ఇంట్లో అయిదుగురు బతుకుతున్నారు. నాకు నిజంగానే భయం వేసింది.

గురువారం ఆ చప్పుడు వింటూ నేనూ బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయాను. మళ్లీ విప్పి చూద్దామని, ఇంజను చల్లారేదాకా విగ్రహాలు చెక్కే ఒక శిల్పి పాకలో కూర్చున్నాను. అతను నా చేతిలోని రేకులను తీసుకుని, ఒకదాన్ని గోటితో గీరాడు. నల్లటి జిడ్డు కింద నుంచి కుంకుమ రాలింది.

"మేమూ పూజ చేస్తామప్పా. ఉలికి బొట్టు పెడతాం, కొలకర్రకు పెట్టం" అన్నాడు.

రేకు మందానికి బొట్టు మందం కలిసి ప్రతి సందూ ఎక్కువైందని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాను. రేకులను కిరసనాయిలుతో తుడిచి, సందులన్నీ మళ్లీ సరిచేశాను. తిరుగు ప్రయాణంలో ఇంజను నోరెత్తలేదు.

మరునాడు యజమాని వచ్చి, ఇంజను పక్కన నిలబడి విన్నాడు. కళ్లు మూసుకుని యాగంటి దిక్కుగా దండం పెట్టాడు. నిజం చెబుదామనే నోరు తెరిచాను గానీ, తప్పంతా నాదేనని గుర్తొచ్చి మూసుకున్నాను.

"అంతా పూజ బలమప్పా. వచ్చే ఏడు ఆ రేకులకు ఇంకా రెండు బొట్లు ఎక్కువ పెట్టు" అన్నాడాయన.

పెట్టాను. ఆ తర్వాత ప్రతి దసరాకూ అందరి ముందూ నా చేత్తోనే పెట్టాను, మరునాడు దొంగలా కిరసనాయిలుతో కడిగాను. డ్రైవరు నిమ్మకాయలను చూసి నవ్వడం మాత్రం మానేశాను.