తలుపులు మూసే పండుగ

యాలకుల పొడి కలిపిన తీపి అటుకుల వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నాకు కడుపు మండిపోతుంది. కోడలు ప్రసాదమని తెచ్చి పెడితే ముట్టను. కొబ్బరి కలిపి అవి నాకు మొదట తినిపించింది సారాబాయి. బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్నప్పుడు తర్లగూడ పక్కన మా పల్లెకు కాన్పులు చేయడానికి వచ్చిన నర్సు. బొంబాయి వైపు యూదుల మనిషి, ఊరి చివర ఒంటరిగా ఉండేది. శనివారం పొయ్యి వెలిగించేది కాదు. "ఏందమ్మా మీ కులపోళ్లు, వారానికోసారి సల్లకూడేనా?" అని మా నాయనమ్మ వేళాకోళమాడితే పకపకా నవ్వేది.

వానలు తగ్గుముఖం పట్టాక, ఏడాదికో రోజు ఆమె తెల్లచీర కట్టి, తలుపులు మూసుకుని, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ప్రార్థనలో కూర్చునేది. ఆ రోజు పరాయివాళ్లను తాకదని ఊరంతటికీ తెలుసు. ఒక ఏడు సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నమే మా అమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. నేను సారాబాయి ఇంటికి పరుగెత్తబోతే నాన్న రెక్క పట్టి ఆపాడు.

"ఏందే నీ తొందర? ఇయ్యాల ఆమె దేవుడి దినం. తలుపు కొడితే ఆ పాపం మనకు తగుల్తది."

మా పండుగలకూ కట్టుబాట్లు ఉన్నాయి మరి, ఒకరి కట్టు ఇంకొకరు తెంచరు. పొద్దు గూకేసరికి అమ్మా లేదు, బిడ్డా లేదు.

సంగతి విని సారాబాయి ఉపవాసం విడవకుండానే, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. "ఎందుకు కొట్టలేదు? ప్రాణం పోతుంటే మా దేవుడే తలుపు తియ్యమంటడు. తీసేదాన్ని గదా!" అంటూ నేల మీద కూలబడింది.

ఆ తర్వాత తహసీల్దారు వచ్చి అడిగితే నాన్న ఏమన్నాడో చెప్పమంటారా? "కొట్టినం సాబ్. ఎంత కొట్టినా తియ్యలె."

"అబద్ధం! కొట్టలె!" అని అరిచాను. చెంప ఛెళ్లుమంది. పెద్దమనుషులంతా తలలు వంచుకున్నారు. పరాయి ఆడదాని మీద నింద వేయడం ఎంత సుళువో! థూ, ఏం మనుషులు!

ఆమె కొలువు ఊడింది. ఎడ్లబండి ఎక్కబోతూ నా బుగ్గ నిమిరింది. "మా పండుగకు ముందు, ఎవరికి అన్యాయం చేసినమో వాళ్లనే మాఫీ అడగాలె బిడ్డా. వాళ్లు ఇచ్చినంకనే దేవుడిస్తడు. మీ నాయన అడిగితే నేనిస్త, చెప్పు."

చెప్పాను. నాన్న విననట్టే లేచి పొలానికి వెళ్లిపోయాడు.

పెద్దయ్యాక నేనూ కాన్పుల పనే నేర్చుకున్నాను. ఎవరింట్లో నొప్పులని తెలిసినా పిలుపు కోసం చూడను. తిట్టినా సరే, గడప తొక్కుతాను. సారాబాయి నాకిచ్చిపోయిన మొండితనం అది.

నాన్న చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నాడు. పోయే ముందు మంచినీళ్లు అడిగాడు, నోట్లో పోశాను. ఇంకొకటి అడుగుతాడేమోనని, ఆయన ఊపిరి ఆగేదాకా పక్కనే కూర్చున్నాను. అడగలేదు.