చచ్చిన మానిటర్లకు పెట్టిన బొట్టు

ఇరవై ఏళ్ళకు పైగా నేను మోస్తున్న బరువు చూడ్డానికి కుంకుమ భరిణె అంతే ఉంటుంది. నిజానికి అది కుంకుమ భరిణే. వెండిది, మా అత్తగారిచ్చింది. సింగపూర్‌లో, యూ టీ అనే పేటలోని మా ఫ్లాట్‌లో, దేవుడి అలమరలో వెనక్కి నెట్టేసి ఉంచాను. పోయిన నెల మా అమ్మాయి కొత్త లాప్‌టాప్ కొని తెచ్చి, “అమ్మా, బొట్టు పెట్టు లా, క్విక్” అంది ఇక్కడి పిల్లల యాసలో. నా చెయ్యి భరిణె దాకా వెళ్ళి ఆగిపోయింది. చేతులు కడుక్కోలేదు, నువ్వే పెట్టుకో అన్నాను. అబద్ధం. అప్పుడే కడుక్కున్నాను.

అది చిన్న అబద్ధం. పెద్దది మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను.

రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని అందరూ బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగే మాకు అన్నం పెట్టింది. మా ఆయన ఆ పని మీదే ఇక్కడి ఒక బ్యాంకుకు కాంట్రాక్టు మీద వచ్చాడు. నేను అమీర్‌పేటలో ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసినదాన్ని. మా ఇద్దరినీ తెచ్చింది శేషు అంకుల్. గుంటూరు వైపు మనిషి, అప్పటికే పాతికేళ్ళుగా సింగపూర్‌లో ఉన్నవాడు. యీషున్‌లో ఫ్యాక్టరీలుండే వైపు ఆయనకు రెండంతస్తుల చోటుండేది. పై అంతస్తులో ఆఫీసు. మనవాళ్ళను పిలిపించి బ్యాంకులకు పంపేవాడు. కింద గోదాము. కొత్తవి వచ్చాక ఆఫీసులు వదిలించుకునే పాత కంప్యూటర్లన్నీ అక్కడికి చేరేవి. నేను కింద పనిచేసేదాన్ని. ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి సర్కారు ఇచ్చే పాసులు, మా ఇద్దరివీ ఆయన కంపెనీ పేరు మీదే ఉండేవి. ఆయన వద్దంటే నెల తిరక్కుండా మేం సామాను సర్దుకోవాల్సిందే.

నా పని తేలిక. మానిటర్‌కు కరెంటు ఇచ్చి చూడాలి. తెర వెలిగితే ఆకుపచ్చ స్టిక్కరు, వెలగకపోతే ఎర్రది. రెండు నెలలకు ఎర్ర స్టిక్కర్లు అయిపోయాయి. కొత్త చుట్ట కావాలని అడిగాను.

“ఆకుపచ్చవి బోలెడున్నాయి కదమ్మాయ్, అవే ఏసెయ్” అన్నాడు అంకుల్.

నాకు అర్థం కాలేదని చెప్పను. అప్పటికప్పుడే అర్థమైంది. వేసేశాను.

చచ్చిన కంప్యూటర్లను పద్ధతి ప్రకారం నాశనం చేయిస్తామని ఆఫీసుల దగ్గర డబ్బు పుచ్చుకునేవారు. వాటినే పనిచేసే పాత సరుకని కాగితాలు రాసి ఆఫ్రికా దేశాలకు అమ్మేవారు. ఇది అంకుల్ ఒక్కడి తెలివి కాదు. శనివారాల్లో ఇద్దరు మనుషులు వచ్చేవారు. ఏ కంటెయినర్ ఏ ఓడ ఎక్కాలో, ఏ రేవులో ఎవరి చెయ్యి తడపాలో వాళ్ళే చెప్పేవారు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. కానీ మా మీద కేకలేసే అంకుల్ వాళ్ళ ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు.

కంటెయినర్ నింపడానికి ఒక పద్ధతి ఉండేది. చచ్చినవి ముందు లోపలికి వెళ్ళేవి. తలుపు దగ్గర రెండు వరసలు మాత్రం బతికినవి. అక్కడ రేవులో తలుపు తెరిచినవాళ్ళు ఆ రెండు వరసల్లోనే ఏదో ఒక పెట్టె విప్పి చూసుకుంటారు. ఆ వెనక్కి వెళ్ళాలంటే మనిషి పట్టే సందుండదు.

ఆ అక్టోబరులో అబెనా వచ్చింది.

ఘానాలో ఒక చిన్న పట్టణం ఆమెది. నలభై దాటిన మనిషి, బజారులో బట్టల వ్యాపారం. అక్కడ అమ్ముకునే ఆడవాళ్ళంతా సంఘం కట్టి దాచుకున్న డబ్బు ఆమె చేతికిచ్చి పంపారు. ఊళ్ళో ఆడపిల్లలకు కంప్యూటర్ బడి పెట్టాలని వాళ్ళ కోరిక. నమ్మకస్తుల ద్వారా కొనాలని, ఆమే స్వయంగా విమానమెక్కి వచ్చింది. రేవులో సరుకు విడిపించేది మాత్రం తన మరిది కోజో అని చెప్పింది. అతన్ని ఆమే పెంచిందట. అతని పేరు చెప్పినప్పుడల్లా నవ్వేది.

ఆమెను భోజనానికి తీసుకెళ్ళమని అంకుల్ నాకే చెప్పాడు. సెరంగూన్ రోడ్డులో ఆంధ్రా భోజనం పెట్టే చోటుకు తీసుకెళ్ళాను. గోంగూర పచ్చడి రెండుసార్లు అడిగి వేయించుకుంది. ఈ ఆకు మా అమ్మమ్మ ఊళ్ళోనూ వండుతారు సిస్టర్ అంది. నన్ను మొదటి రోజు నుంచీ సిస్టర్ అనే పిలిచింది. నాకు ఆమె నచ్చింది. ఈ మాట రాయడం కష్టంగా ఉంది గానీ, రాయాలి. నచ్చని మనిషికి చేసి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్నేమో.

సరుకు ఎక్కించే రోజు దసరా. అంకుల్‌కు పట్టింపులెక్కువ. గోదాములో ఆయుధపూజ జరగాల్సిందే. పొద్దున్నే ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. స్క్రూడ్రైవర్లు, సోల్డరింగు గన్ను, నా టెస్టింగు బల్ల, అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది నేనే. పది గంటలకు అబెనా వచ్చింది. అట్టపెట్టెలు రెండు గుట్టలుగా ఉన్నాయి. కుడి గుట్ట చిన్నది, బతికినవి. ఎడమ గుట్ట కొండంత, చచ్చినవి. అన్నిటి మీదా నేనేసిన ఆకుపచ్చ స్టిక్కర్లే.

అంకుల్ ఆమెను మాటల్లో పెట్టి కుడి గుట్ట దగ్గర నిలబెట్టాడు. ఆమె వేలు పెట్టి చూపిన మూడు పెట్టెలు విప్పాం. మూడూ వెలిగాయి. ఆమె తల ఊపింది. తర్వాత మెల్లిగా ఎడమ గుట్ట వైపు తిరిగింది. ఒక్క పెట్టె చాలు. ఏ పెట్టె మీద వేలు పెట్టినా చాలు. అంకుల్ ముఖంలో రక్తం లేదు. నా చేతిలో ఇంకా భరిణె ఉంది. ఆమె చూపు దాని మీద పడింది.

“ఇదేంటి సిస్టర్? నీ నుదుటి మీద ఉంది, ఆ బండి మీదా ఉంది.”

“ఈ రోజు మా పండగ. మా చేత పని చేయించే వస్తువులకు పెడతాం.”

“పాడైపోయినవాటికి కూడా పెడతారా?”

“లేదు. పనిచేసేవాటికే పెడతాం.”

అది నిజమే. మా అమ్మ తెగిపోయిన చేటకు కూడా బొట్టు పెట్టేది కాదు. ఆ మాట వరకు నేను అబద్ధమాడలేదు, కావాలంటే మీరు మళ్ళీ చదువుకోండి. ఆమె ఎడమ గుట్టను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది.

“అయితే నా పెట్టెలన్నిటికీ పెట్టు. ఇంక విప్పి చూడక్కర్లేదు.”

 అంకుల్ నన్ను పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే. తర్వాత జరిగినదానికి భయపడ్డానని చెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు నన్నెవరు బెదిరించారు? బొట్టు అయిపోయింది అనొచ్చు. ఇన్ని పెట్టెలకు ఎక్కడ పెడతాం అని నవ్వేసి తప్పించుకోవచ్చు. కడుపునొప్పి అని బాత్రూములో దూరొచ్చు. నేను ఉంగరపు వేలు కుంకుమలో ముంచాను. కుడి గుట్ట అయ్యాక ఎడమ గుట్ట. పై వరసలకు అందకపోతే స్టూలు తెచ్చుకున్నాను. ఆమె ఆ స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడింది, నేను పడిపోతానేమోనని. చివరికి వచ్చేసరికి కుంకుమ నిండుకుంటే పూజ పళ్ళెంలోది ఊడ్చి పెట్టాను. పూర్తిచేయాలని నాకు ఎందుకంత పట్టుదల? ఇప్పటికీ తెలియదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరుకూ మతి పోలేదు. బ్యాంకులో మా ఆయన కాంట్రాక్టు అయిపోయింది. వేరేచోట చూస్తానని అంకుల్ మాటిచ్చాడు. పాసు గడువు ఆ నెలాఖరుదాకే ఉంది.

ఒక శనివారం మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి నన్ను పిలిచారు. అబెనా ఫోన్‌లో ఉంది. తలుపు దగ్గరి రెండు వరసలే వెలిగాయట. మిగతావన్నీ చచ్చినవట. ఇక తిడుతుందని ఎదురుచూశాను. ఆమె తిట్టలేదు. పెట్టెల మీద నీ బొట్లు ఉన్నాయి సిస్టర్, కాబట్టి మీ దగ్గర మంచివే బయలుదేరాయని నాకు తెలుసు, రేవులో ఎవరో లోపలివి మార్చేశారు అంది. రేవులో వాటిని పదిరోజులు తన చేతిలో ఉంచుకున్నది కోజో ఒక్కడే. సంఘం వాళ్ళు అతన్నే అనుమానిస్తున్నారు. ఆమెకు నమ్మబుద్ధి కావడం లేదు. అందుకే నన్ను అడుగుతోంది.

“నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు. అక్కణ్ణించి మంచివే వచ్చాయా?”

ఆ గొంతులో ఏముందో అప్పుడే నాకు తెలిసింది. నేను కాదనాలని ఆమె ఆశ. కాదంటే ఆమె డబ్బు పోతుంది, మరిది మిగులుతాడు. శనివారం మనుషుల్లో ఒకడు తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. అంకుల్ నా పక్కనే ఉన్నాడు, ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ.

“మంచివే వచ్చాయి” అన్నాను.

 అదే మాట కాగితం మీద రాసి పంపగలవా, పెద్దలకు చూపించాలి అంది ఆమె. ఫోన్ పెట్టేశాక అంకుల్ కంప్యూటర్ ముందు కుర్చీ లాగాడు.

“కూర్చోమ్మాయ్. ఒక్క కాయితమేగా. సోమారం మీ ఆయన పాస్ రెన్యూవల్‌కి ఏసేద్దాం.”

కూర్చున్నాను. ప్రతి మానిటరూ నేనే పరీక్షించాననీ, అన్నీ వెలిగాయనీ టైపు చేశాను. మన భాషలో అయితే చెయ్యి వణికేదేమో. ఇంగ్లీషులో తప్పుల్లేకుండా వచ్చింది. సంతకం పెట్టాను. తలుపు దగ్గరి మనిషి కాగితం తీసుకుని చదివి, ఫాక్సు మెషీన్‌లో తనే పెట్టాడు.

మార్చిలో నా పేరు మీద ఒక ఫాక్సు వచ్చింది. పెద్దలు కోజోను పిలిపించి ఒట్టు వేయించారట. వేశాడట. కానీ నా ఉత్తరం ఉంది కదా, ఎవరూ నమ్మలేదట. భార్యను పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళిపోయారు. రేవులో అతనికి ఇంకెవరూ పని చెప్పలేదు. ఊరు వదిలి వెళ్ళి, పెద్ద నగరంలో చెత్తకుప్పల దగ్గర పాత కంప్యూటర్ల తీగలు తగలబెట్టి రాగి తీసే పనిలో చేరాడని, ఆ పొగకు తెగ దగ్గుతున్నాడని ఎవరో చూసినవాళ్ళు చెప్పారట. దొంగకు తగిన శాస్తి అంటున్నారు మావాళ్ళు, నాకు మాత్రం అన్నం సయించడం లేదు అని రాసింది. చివర్లో ఒక వాక్యం. నిజం చెప్పినందుకు దేవుడు నిన్ను చల్లగా చూడాలి సిస్టర్.

చల్లగానే చూశాడు. మా ఆయనకు పాసు వచ్చింది, ఏడాది తిరిగేసరికి మంచి ఉద్యోగమూ వచ్చింది. నేను గోదాము మానేశాను. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. అంకుల్ ఎవరికీ పట్టుబడలేదు, ఒంట్లో బాగోక పోయాడు, మేమంతా వెళ్ళి దండలు వేసి వచ్చాం. శనివారం మనుషులు ఏమయ్యారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు.

ఆ ఫాక్సును నాలుగు మడతలు పెట్టి భరిణె కింద దాచాను. ఫాక్సు కాగితం సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ అక్షరాలు వెలిసిపోతాయి. మొదట చివరి వాక్యం మసకబారింది. పైనున్న అడ్రసు మాత్రం చాలాకాలం కనిపించింది. ఏటా దసరాకు తీసి చూసేదాన్ని. ఇంకా కనిపిస్తోంది, వచ్చే ఏడు రాయొచ్చు అనుకునేదాన్ని. ఒక ఏడు తీస్తే మొత్తం తెల్లకాగితం. అప్పుడు నాకు ఏడుపు రావాలి కదా? హమ్మయ్య అనిపించింది. మీ దగ్గర అన్నీ ఒప్పుకుంటున్నాను కనుక ఇదీ ఒప్పుకుంటున్నాను. హమ్మయ్య అనిపించింది.

కోజో ఉన్నాడో లేడో. ఉంటే యాభై దాటి ఉంటాడు. ఆ పొగలో అంతకాలం ఎవరు బతుకుతారు అని లోపల ఒక గొంతు అంటుంది. ఆ గొంతు బాధతో అంటోందో, ఇక అడిగేవాళ్ళు లేరన్న ధీమాతో అంటోందో నేను తేల్చుకోలేకపోతున్నాను. క్షమించమని అడగను. క్షమించాల్సినవాళ్ళు దీన్ని చదవలేరు, చదవగలిగే మీకు ఆ హక్కు లేదు. కాకపోతే ఫోన్‌లో చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళుగా నా నాలుక మీదే ఉండిపోయింది. ఆమెను నేనెప్పుడూ నోరారా పిలవలేదు కూడా. ఇప్పుడు ఎవరూ నా పక్కన నిలబడలేదు, తలుపు తీసే ఉంది.

అక్కా, అవి ఇక్కణ్ణించే చచ్చి బయలుదేరాయి. కోజో ఏమీ తీయలేదు.