బళ్ళ చప్పుడుకు ఖాళీ అయిన ఊరు

పోయిన శనివారం పొద్దున్నే మా మనవడూ వాడి స్నేహితులూ మా ఇంటి ముందు మోటారు సైకిళ్ళు వరసగా నిలిపి, మాచర్ల వైపు పల్లెల్లో రెండు రోజులు తిరిగొస్తామని బయలుదేరారు. ఇంజన్లన్నీ ఒక్కసారే మోగేసరికి నేను లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుండిపోయాను. వద్దన్నా వినలేదని అలిగాననుకున్నాడు మనవడు. అలక కాదు. ఆ మోత వింటే నేను ఇప్పటికీ వాకిట్లో ఉండలేను.

నాకు పెళ్ళయిన కొత్త. నరసరావుపేట బజారులో మామగారి కిరాణా కొట్లో మావారు కూర్చునేవారు. కొట్టు మూసే ఆదివారాల్లో, ఆ బజారులోనే కొట్లున్న స్నేహితులతో కలిసి బళ్ళ మీద ఊళ్ళు తిరగడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. కొత్త కోడల్ని వెనకేసుకుని ఆ ఊరేగింపేమిటని అత్తగారు సణిగినా, మామగారు నవ్వి పోనిమ్మనడంతో, ఎత్తిపోతల జలపాతం చూసొద్దామని ఒక ఆదివారం పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేనూ బయలుదేరాను. నాలుగు బళ్ళు, ఆడమనిషిని నేనొక్కదాన్నే. పైట గాలికి ఎగురుతుంటే సర్దుకోమనేవాళ్ళు లేని ఆ కాస్త సేపు ఎంత అపురూపమో, నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి; ఘాటుకు తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ గురజాల దాటాం. అక్కడ స్నేహితుల్లో ఒకాయన పొలాల మీదుగా అడ్డదారి ఉందంటే, బళ్ళు డొంకలోకి తిప్పారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయి. చిన్న పల్లె ఒకటి కనిపిస్తే, మంచినీళ్ళు అడుగుదామని వరసగా ఊళ్ళోకి పోనిచ్చారు.

ఊళ్ళో మనిషి లేడు. పొయ్యి మీద అన్నం పొంగి మంటలో పడుతోంది. సగం చెరిగిన కందులు చేటలోనే ఉన్నాయి. ఊరంతా తిరునాళ్ళకు పోయిందేమోనని మావాళ్ళు నవ్వుకున్నారు గాని, ఒక వసారాలో దూలానికి కట్టిన చీర ఉయ్యాల ఇంకా ఊగుతూ, అందులో బిడ్డ లేకపోవడం చూశాక ఎవరి నోటా నవ్వు లేదు.

ఆ వసారాలోనే మూలగా, మంచం మీదనుంచి లేవలేని ముసలమ్మ ఒకామె ఉంది. మమ్మల్ని చూసి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"మగోళ్ళెవురూ లేరు నాయనా. నా పెద్దకొడుకుని పోయినేడు మీ వోళ్ళే గదా నరికింది. ఇంకెవురి కోసం వొచ్చారు?"

మేం ఏ ముఠా వాళ్ళమూ కాదనీ, నరసరావుపేట వాళ్ళమనీ, మంచినీళ్ళ కోసం ఆగామనీ మావారు ఎంత చెప్పినా ఆమె మొక్కుతూనే ఉంది. నేను బండి దిగి, మంచం పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకున్నాను. నా గాజులు తడిమి, నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది.

"లోపల గాదెలో నా కోడలుందమ్మా. సంటిబిడ్డతో ఉంది. తొందరగా తియ్యి తల్లీ."

జొన్నలు పోసుకునే వెదురు గాదె అది. మూత తీస్తే, నా ఈడు పిల్ల, గింజల మీద ముడుచుకుని, బిడ్డ నోటి మీద అరచెయ్యి అదిమి పట్టుకుని ఉంది. భయం లేదమ్మా, చెయ్యి తియ్యి అన్నాను. వినబడలేదు ఆమెకు. ఒక్కొక్క వేలే నేను లాగవలసి వచ్చింది. బిడ్డ పెదాలు నల్లబడి ఉన్నాయి, మెడ వాలిపోయింది. వసారాలోకి తెచ్చి వీపు నిమిరాను, మావారు అక్కడున్న బిందెలోంచి మొహాన నీళ్ళు చల్లారు, ముసలమ్మ మంచం మీదనుంచే వంగి అరికాళ్ళ మీద కొట్టింది. ఎంతసేపటికో, పిల్లికూన అరుపులా సన్నగా ఏడ్చింది బిడ్డ.

ఆ ఏడుపు పెద్దదయ్యాక, అది విని జనం ఇళ్ళ వెనక పత్తిచేలల్లోనుంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఒకతని చేతిలో గొడ్డలి ఉంది; నన్ను చూసి వెనక్కి పెట్టుకున్నాడు. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. కుండతో నీళ్ళు తెచ్చిచ్చిన ఆవిడ మాత్రం, "ఆ రోజున గూడా ఇట్టాగే వరసగా బళ్ళ మీదొచ్చారమ్మా," అంది.

గాదెలోంచి వచ్చిన పిల్ల బిడ్డను అందుకోలేదు. గోడకు ఆనుకుని తన అరచేతినే చూసుకుంటూ కూర్చుంది. మేం బయలుదేరేటప్పుడు కూడా అలాగే ఉంది.

బళ్ళు స్టార్టు చెయ్యకుండా ఊరు దాటేదాకా తోసుకుంటూ నడిచాం. ఎత్తిపోతల చూడలేదు. ఆ స్నేహితులు మళ్ళీ అలా కలిసి తిరగనూ లేదు. గురజాల రైతులెవరు మా కొట్టుకి వచ్చినా మావారు ఆ బిడ్డ సంగతి అడిగేవారు. ఆ కుటుంబం ఊరొదిలి కృష్ణ దాటి వెళ్ళిపోయిందని ఒకరు చెప్పారు. అంతకుమించి తెలియలేదు.

ఆదివారం రాత్రి మనవడు తిరిగొచ్చి ఫోనులో ఫోటోలు చూపించాడు. ఒకదానిలో ఎవరో పల్లెటూరి పిల్ల, బళ్ళు బాగా కనబడాలని తన చంటివాణ్ణి భుజం పైకెత్తి పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నా ప్రాణం కుదుటపడింది. అయినా, ఆ రోజు నేను వేళ్ళు విడదీసిన ఆ తల్లి ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, నాలాగే మనవల్ని చూసుకుంటూ ఉందేమో. వీధిలో బళ్ళు వరసగా వెళితే, పక్కనున్న పసివాడి నోటి మీదకు ఆమె చెయ్యి ఇంకా వెళుతోందేమో.