ఎత్తకూడని ఫోన్

2023 ఎండాకాలం. ఎల్బీ నగర్‌లో రింగ్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక డయాలసిస్ సెంటర్ నుంచి నాకు పిలుపు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు చిన్న దుకాణం ఉంది. ఆఫీసులకు ఐపీ ఫోన్లు, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు బిగించడం, వాటి బాగోగులు చూడటం నా పని. ఇన్నేళ్లలో నాకు అంతుబట్టక వదిలేసిన ఫోన్ ఒక్కటీ లేదు. గొప్పలనుకున్నా సరే, నిజం అదే.

అక్కడ కొత్త ఫోన్లు పెట్టింది వేరేవాళ్లు. మేనేజర్ మురళిగారిది గుంటూరు వైపు. కుర్చీ చూపిస్తూనే విషయంలోకి దిగారు.

"కాల్ రికార్డింగ్ పెట్టాలండీ. మా రిసెప్షన్ అమ్మాయి పేషెంట్ల ఫోన్లు ఎత్తి కట్ చేసేస్తోంది. ఒక్క సాక్ష్యం దొరికితే చాలు, పంపించేస్తాను."

సంగతేమిటంటే, పేషెంట్లను ఇళ్ల నుంచి తీసుకురావడానికి సెంటర్‌కు ఒక వ్యాన్ ఉంది. అల్మాస్‌గూడ, మీర్‌పేట్ వైపు వాళ్లు తయారై ఫోన్ చేస్తే వ్యాన్ వెళుతుంది. కొత్త ఫోన్లు వచ్చినప్పటి నుంచి కొందరు చేసినా వ్యాన్ వెళ్లడం లేదు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లు వాళ్లంతా. డయాలసిస్ ఆలస్యమైతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

రిసెప్షన్ అమ్మాయి సరితది నల్లగొండ దగ్గర పల్లె. నేను బల్ల కింద వైర్లు చూస్తుంటే మెల్లగా అంది. "ఒక్క కాల్ గూడ కట్ చెయ్యలే అన్నా. అసలు నాకు మోగుతనే లేదు. గీ ఉద్యోగం పోతే ఇల్లెట్ల నడుస్తది?"

నాకు ఒళ్లు మండింది. నేను బిగించే పరికరంతో ఒకరి పొట్ట కొట్టడమా? "రికార్డింగ్ తర్వాత సార్, ముందు ఫోన్ సంగతి తేలుస్త" అన్నాను మేనేజర్‌తో.

ఇంటర్నెట్ లైన్, కేబుళ్లు, ఫోన్ సెట్టు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. మురళిగారు కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. "చూడండి. మిస్డ్ కాల్ అన్నది ఒక్కటీ లేదు. అన్నీ ఎత్తినవే, ఎత్తగానే కట్ అయినవే. ఇంకేం కావాలి?"

అంతలో అల్మాస్‌గూడ నుంచి మల్లమ్మ అనే పేషెంటు ఆటో దిగి, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. పెద్దావిడ. వస్తూనే సరిత మీద పడింది. "ఫోన్ ఎత్తితివి, బండి తోలకపోతివి. గట్లెందుకు చేసినవ్ బిడ్డా? నా పానం పోయేటట్టున్నది."

"విన్నారుగా?" అన్నారు మురళిగారు. సరిత ముఖం మాడిపోయింది.

నర్సు మల్లమ్మను పడుకోబెట్టి మిషన్ తగిలించి, ఆమె కాస్త కుదుటపడ్డాక నేను మంచం దగ్గరికి వెళ్లాను. సరితను, మేనేజర్‌ను కూడా రమ్మన్నాను. రిసెప్షన్ బల్ల దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు.

"అవ్వా, పొద్దున ఫోన్ ఎట్ల చేసినవో గట్లనే చెయ్యి."

ఖాళీగా ఉన్న చేత్తో బటన్ ఫోన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్కసారి మోగింది. "నమస్కారం, మా కేంద్రానికి స్వాగతం" అని ఆడగొంతు వినబడిందో లేదో, టక్కున కట్ చేసింది.

"ఇగో, ఎత్తింది."

"ఎవరు?"

"ఇంకెవ్వరు, సరిత" అంటూ తలెత్తి చూస్తే సరిత మంచం పక్కనే నిలబడి ఉంది. "అయ్యో, నువ్వు గీడనే ఉంటివి! మరి గామె ఎవరే?"

"నువ్వెందుకు కట్ చేసినవ్ అవ్వా?"

"మిస్డ్ కాల్‌కు మాటలేంది కొడుకా? ఎప్పుడు చేసినా ఒక్కసారి మోగిచ్చి పెట్టేస్త. నంబర్ చూసి బండి తోల్తరు. గీ నడుమ ఎత్తుతున్నరు గద, తెలిసిందిలే అనుకున్న."

దొంగ దొరికింది. దాని పేరు ఆటో అటెండెంట్. మనిషి కంటే ముందు తానే ఫోన్ ఎత్తి, స్వాగతం చెప్పి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే రికార్డు గొంతు. అవ్వ మిస్డ్ కాల్ సరిత దాకా రాకుండానే అది ఎత్తేస్తోంది. కంప్యూటరేమో దాన్ని 'ఎత్తిన కాల్' కింద రాసుకుంటోంది.

"స్వాగతం ఉంటే హుందాగా ఉంటుందని నేనే పెట్టించానండీ" అని మురళిగారు నీళ్లు నమిలారు. సరిత వైపు తిరిగి, "ఏమీ అనుకోకమ్మా" అన్నారు.

"అనుకున్నది మీరు గద సార్" అంది సరిత. ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది.

పేషెంట్లు ఫోన్ చేసే నంబరు నేరుగా సరిత బల్ల మీదే మోగేటట్టు మార్చాను. స్వాగతం గొంతును ఆఫీసు పనుల కోసం ఉన్న రెండో నంబరుకు పంపించాను. మల్లమ్మతో మళ్లీ చేయించాం. బల్ల మీద ఫోన్ మోగగానే సరిత చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది.

"ఎత్తకు బిడ్డా!" అని లోపలి నుంచి కేక. "ఎత్తితే బండి రాదు!"

సరిత చెయ్యి వెనక్కి తీసుకుంది. మోత ఆగింది, ఫోన్ తెర మీద మల్లమ్మ నంబరు నిలిచింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది సరిత.

ఎత్తినట్టు కంప్యూటర్ చెప్పినంత మాత్రాన మనిషి ఎత్తినట్టు కాదు. ఒకరి ఉద్యోగం మీదికి వచ్చినప్పుడు తెర మీది లెక్క చాలదు, ఫోన్ చేసే మనిషి పక్కన కూర్చుని చూడాలి. ఇప్పుడు ఏ కొత్త ఆఫీసుకు వెళ్లినా నేను మొదట అడిగేది, మీకు ఎవరు ఫోన్ చేస్తారు, ఎట్లా చేస్తారు అనే.

సరిత ఇంకా అక్కడే పనిచేస్తోంది. పొద్దున ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతే చాలు, వ్యాన్ డ్రైవర్‌ను కేకేస్తుంది.