కాళ్ళతో మెచ్చుకునేవాళ్ళు

మేం అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో అరగంట దూరంలో ఒక సింఫనీ ఆర్కెస్ట్రా ఉండేది. ఫోన్లు ఇంకా దారి చెప్పని కాలం. ప్రింట్ తీసిన కాగితం పక్కసీట్లో పెట్టుకుని డ్రైవ్ చేసేదాన్ని. ఆ ఆర్కెస్ట్రాలో కొందరికి సంగీతమే వృత్తి, మిగతావాళ్ళు టీచర్లు, నర్సులు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. సెకండ్ వయొలిన్లలో చిట్టచివరి కుర్చీ నాది, అదీ ఒక సీజన్ ట్రయల్ మీద. సెప్టెంబర్ నుంచి మే దాకా వాయించాలి. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే థాంక్స్ చెప్పి పంపేస్తారు.

ఏడేళ్ళప్పటి నుంచి కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి కర్ణాటక సంగీతం వాయించినదాన్ని. ఇక్కడ కుర్చీ ఎక్కి, దాన్ని గడ్డం కింద ఇరికించుకోవడానికే నాలుగేళ్ళు పట్టింది. గమకం వేయకుండా వాయించడమంటే వేడి పకోడీలు ముందు పెట్టుకుని ఉపవాసం ఉండడమే. అయినా పంతం పట్టాను. నాకు పంతం కాస్త ఎక్కువ. "కాస్తేనా?" అంటారు మా ఆయన.

మొదటి రిహార్సల్లోనే కోపం వచ్చింది. ఎవరో బాగా వాయించారు. వెంటనే చుట్టూ ఉన్నవాళ్ళంతా బూట్లు నేలకేసి సరసరా రుద్దారు. చేతుల్లో వాయిద్యాలుంటాయి కాబట్టి చప్పట్లకు బదులు అలా మెచ్చుకుంటారని పక్క కుర్చీ ఆవిడ చెప్పింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. విద్యను కాళ్ళతో మెచ్చుకోవడమేమిటని ఇంటికొచ్చి సణిగాను.

"నువ్వు వయొలిన్‌ని పాదం మీద పెట్టుకునే కదా నేర్చుకున్నావ్!" అన్నారు మా ఆయన.

దాంతో ఇంకా కోపం వచ్చింది. నెలల తరబడి నా పాదాలు కదిలించలేదు.

ఏప్రిల్లో నా నోరే నన్ను పట్టిచ్చింది. మా ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే ఒక పెద్దావిడ ఉండేది. ఓబో అంటే మన సన్నాయికి చుట్టం, గొంతు ఇంకాస్త మెత్తన. ఆ రోజు రిహార్సల్లో అందరం ఆగిపోయి ఆవిడ ఒక్కతే వాయించే చోటు వచ్చింది. పై స్వరం నుంచి ఎంత నెమ్మదిగా, ఎంత అందంగా దిగిందంటే, ఎక్కడున్నానో మర్చిపోయి "ఆహా!" అనేశాను. గొణగలేదు. మన కచేరీల్లో ముందు వరుస తాతగార్లు అన్నట్టు, తల ఊపి మరీ అన్నాను.

ఆవిడ ఊపిరి తడబడి వాయించడం ఆపేసింది. అందరూ నావైపు తిరిగారు.

"ఎనీ ప్రాబ్లం?" అన్నాడు ముందు నిలబడి అందరినీ నడిపించే కండక్టర్.

"లేదు, చాలా బాగుంది" అన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. బ్రేక్‌లో ఓబో ఆవిడకి సారీ చెప్పి, మా కచేరీల్లో ఇది అలవాటని వివరించాను. "వాయిస్తుండగానే చెప్పేస్తారా?" అని, ఆ 'ఆహా'ని రెండుసార్లు నా చేత పలికించుకుని వెళ్ళిపోయింది. కోపం వచ్చిందో లేదో తెలియలేదు.

"కన్ఫర్మ్ చేస్తారంటావా?" అని అడిగారు మా ఆయన, ఇంటికొచ్చి చెప్పిందంతా విని.

"ఆ మాట ఎత్తకండి" అని కసిరాను. ఆ చివరి కుర్చీ నాకెంత కావాలో అప్పుడే తెలిసింది. వారమంతా కంప్యూటర్ ముందు తప్పులు వెతికేదాన్ని. అంతమందితో కలిసి ఒకేసారి కమాను ఎత్తే ఆ క్షణం కోసం రిహార్సల్ ఉండే మంగళవారాలు లెక్కపెట్టుకునేదాన్ని.

మే నెల వచ్చింది. చివరి కచేరీ రోజు పొద్దున ఆఖరి రిహార్సల్ కాగానే కండక్టర్ సీజన్ ముగింపు కబుర్లు చదివాడు. ఫ్లూట్ అబ్బాయికి పెళ్ళి కుదిరింది. చెల్లో వాయించే ఆవిడకు కవలలు పుట్టారు. ఓబో ఆవిడ రిటైరవుతోంది, సాయంత్రం కచేరీయే ఆవిడకి ఆఖరిది. బూట్లన్నీ నేలను రుద్దాయి. చూసుకుంటే నా పాదాలూ రుద్దుతున్నాయి, అందరికన్నా గట్టిగా.

"ఇక ట్రయల్ పూర్తయినవాళ్ళు" అంటూ నా పేరు పలకడానికి తంటాలు పడ్డాడు. "వచ్చే సీజన్ నుంచి మనతోనే."

నాకు అర్థమయ్యేలోపే చప్పుడు మొదలైంది. అన్ని బూట్లూ నాకోసమే. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు. ఏడుపొచ్చింది, కళ్ళు తుడుచుకుందామంటే ఒక చేతిలో వయొలిన్, ఒక చేతిలో కమాను.

అప్పుడు ఓబో ఆవిడ నావైపు తిరిగింది. ఇంట్లో సాధన చేసినట్టుంది. తల ఊపి మరీ, హాలంతా వినబడేలా అంది: "ఆహా!"